ఏ గోబీ?

"కాస్త నోరు తెరవండి సార్," అన్నాడు పళ్ళ డాక్టరు.

ప్రొఫెసరుగారికి ఆ మాట చెప్పనక్కర్లేదు. కుర్చీలో వెనక్కి వాలిన దగ్గర్నుంచీ ఆయన నోరు మూసింది లేదు. మెడకి కాగితపు గుడ్డ కట్టినా, మొహం మీద లైటు వేసినా, దవడ పన్ను ప్రాణం తోడేస్తున్నా ఆ నోటికి అడ్డూ ఆపూ లేదు. వద్దు వద్దంటున్నా వినకుండా కూతురు టైము తీసుకుని ఇక్కడికి లాక్కొచ్చిందని రెండుసార్లు విసుక్కున్నారు. ఆ కూతురు బయట బల్ల మీద కూర్చుంది.

"ఇది పీకెయ్యాలండీ."

"పీకు. తొందరగా కానియ్యి. సాయంత్రం ఒకణ్ణి మా ఇంట్లోంచి వెళ్ళగొట్టాలి. ఈ నొప్పితో గట్టిగా 'కుదరదు' అనలేకపోతున్నా."

డాక్టరు చిగుట్లో మత్తు సూది గుచ్చాడు. మందు పనిచేసేదాకా పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎవర్ని సార్, వెళ్ళగొట్టేది?"

అడగడమే ఆలస్యం.

"మా అమ్మాయి ఎవడినో చూసుకుంది. వాడు ఇవాళ నన్ను అడగడానికి వస్తాడట. నేను కాదంటే ఆ పెళ్ళి మాట మళ్ళీ ఎత్తనంది. ఎత్తదు కూడా. నా మాట జవదాటదు."

"ఏం చేస్తాడండీ అతను?"

"ఎవడికి కావాలి? 'అతను మీ గోబీ లాంటివాడు నాన్నా' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో ముక్క మాట్లాడనివ్వలేదు."

డాక్టరు కేసి ప్రొఫెసరుగారు జాలిగా చూశారు. లోకంలో చేపలు కాని వాటన్నిటినీ ఆయన అలాగే చూస్తారు.

"గోబీ అంటే కాలీఫ్లవరు కాదయ్యా. చేప. వేలెడంత ఉంటుంది. రెండువేల రకాలు. ఏరు, సముద్రం, బురద, గుహ, కాస్త తడి ఉంటే చాలు, కాపురం పెట్టేస్తుంది. నా బతుకంతా వాటికే ధారపోశాను. పళ్ళు పీక్కునేవాడివి, నీకేం అర్థమవుతుందిలే."

డాక్టరు అర్థం కానట్టే తలూపాడు.

"ఏ గోబీ అని అమ్మాయిగారిని అడగలేదా?"

"ఏదైతే ఏమిటి? ఒకటుంది, నీళ్ళకీ చెందదు, నేలకీ చెందదు. బురదలో రెక్కల మీద గెంతుతూ ఉంటుంది. అంటే వీడికి ఉద్యోగం సద్యోగం లేదన్నమాట. ఇంకోదానికి పొట్ట కింది రెక్కలు రెండూ కలిసి గిన్నెలా అయిపోయాయి. దాంతో బండకి అతుక్కుని జలపాతం ఎక్కేస్తుంది. చేప ఎక్కితే పరిణామం అంటాం. మనిషి ఎక్కితే మామగారి ఆస్తి మీద కన్నేశాడంటాం."

ఆయనగారి ఆస్తి ఒక అద్దె ఇల్లు, అలమారా నిండా సీసాల్లో నానుతున్న చచ్చిన చేపలు.

"మరొకటి, చూపు ఆనని రొయ్య తవ్విన బొరియ ముందు కాపలా కాస్తుంది. ఒళ్ళు వంచి తవ్వేది రొయ్య, గుమ్మంలో దర్జాగా నిలబడేది ఇది. ఇంకో రకం పట్టుమని రెండు నెలలు బతకదు. గుహలో దానికైతే తరతరాల చీకటికి కళ్ళే పోయాయి. ఎదురుగా ఎవరున్నదీ కనపడదు."

పనిముట్లు అందించడానికి పక్కనే ఉన్న నర్సు గబుక్కున గోడవైపు తిరిగింది. డాక్టరు ట్రేలో పట్టకారు సర్దుతూ అన్నాడు.

"అన్ని రకాల్లో మంచిది ఒక్కటైనా ఉండదంటారా?"

"గోబీలన్నీ మంచివే. మనుషులే పనికిరాని సరుకు. వాణ్ణి రానీ. నా ముందు నోరు తెరవనీ. రెండు ముక్కల్లో తేల్చి పంపించేస్తా."

ఆ 'తేల్చి' దగ్గరే నాలుక మొద్దుబారింది. పెదవి వేలాడిపోయింది. అంత గొప్ప నోటికి ఒక్క సూది సరిపోయింది.

డాక్టరు లేచాడు. పట్టకారు పెట్టి కదిపాడు, లాగాడు. పన్ను ట్రేలో టంగుమని పడింది. సగం పుచ్చిపోయి, చూడ్డానికి పల్లీ గింజంత కూడా లేదు. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ వణికించింది ఇదే.

రక్తం తుడిచి, దూది ఉండ పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకోండి. గంటసేపు తియ్యకూడదు. నోరు తెరిస్తే రక్తం ఆగదు," అన్నాడు డాక్టరు.

ప్రొఫెసరుగారు చేతి గడియారం చూపించి కళ్ళెర్రజేశారు. వాడొచ్చే వేళయింది. తిట్టడానికి నోరు లేకపోతే ఎలా? ఊ ఊ అని మూలిగారు.

"తెలుసండీ. వేళయింది."

డాక్టరు గ్లౌజులు తీశాడు. చేతులు కడుక్కున్నాడు. మాస్కు తీసి జేబులో పెట్టుకుని, కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క రకం మరిచిపోయారండీ, పెద్ద చేప తెరిచిన నోట్లోకి దూరి, లోపలంతా శుభ్రం చేసి, అది మింగకుండానే బయటికొచ్చే గోబీ, మీ అమ్మాయి చెప్పింది దాని గురించే, మామయ్యగారూ."