ఎడమ మెలిక ముడి

నేను ఒక్క అరుపు అరిస్తే ఏడు మబ్బులు పరుగెత్తుకొచ్చే రోజులవి. ఆ ఏడాది మాత్రం ఈ బోదురుకప్ప గొంతు బొంగురుపోయింది, అందుకే కరువొచ్చింది. మా బావి మీదికి వంగిన ఈతచెట్టుకు ఒక్క కొత్త గూడూ వేలాడలేదు.

అప్పుడే దిగాడు గిజిగాడు సింగన్న. సముద్రం అవతల దీవిలో చిలకదొరలకు గూళ్లు అల్లేవాడు. అక్కడా పనులు ఆగిపోయాయట.

"గూడు అల్లించుకుంటారా?" అని కొమ్మకొమ్మనీ అడిగాడు.

"పచ్చగడ్డే లేదు నాయనా! పాతవాటి చిరుగులకు మాట్లు వేసుకో," అంది కాకి.

"మాట్లా? గిజిగాడన్నవాడు ఏటా కొత్తగూడే అల్లుతాడు!"

మూడు రోజులు పస్తున్నాడు. నాలుగోనాడు, గిజిగాళ్లు వదిలేసిన గూట్లో కాపురముండే జీనువాయి పిట్ట ముసలమ్మ పిలిచింది.

"అబ్బాయ్, నా గూడు ఊడేలా ఉంది. గుప్పెడు గింజలిస్తా, చూడు."

పోగులన్నీ తెగి, గూడు ఒక్క ముడిమీద వేలాడుతోంది. ముక్కుతో తడిమాడు. ఎడమ మెలిక! అలా ముడేసేది తనొక్కడే.

"అవ్వా, ఇది నా మొదటి గూడు. పెళ్లిచూపులకొచ్చిన పిల్ల ఇది నచ్చలేదని ఎగిరిపోతే, ఆ సిగ్గుతోనే దేశం విడిచాను."

"నాకు ఇన్నేళ్లూ నచ్చిందిరా!"

సింగన్న ఎండుగడ్డిని బావినీళ్లలో నానబెట్టి, ఆ ముడి పక్కనే మొదటి మాటు వేశాడు. ఆ చివరి దోసెడు నీళ్లూ ఎండిపోకుండా సూర్యుడికి అడ్డంగా పడుకున్నది నేనే సుమా!