రెండు పేర్ల మధ్య

సండూరులో ఆ లారీల కంపెనీ అన్నదమ్ములిద్దరి పేర్ల మీద నడుస్తుంది. వారంగా లోడు స్లిప్పుల మీద అన్న పేరొక్కటే పడుతోంది. తమ్ముడు జగదీశ్ ఆఫీసులోకి దూసుకొచ్చాడు.

"ఏంది నాగవేణీ, నా పేరు యాడ పోయింది? మా అన్న తీసెయ్యమన్నాడా?"

వారం కిందట స్లిప్పులు కొట్టే మ్యాక్రో రాసింది ఆఫీసులో కంప్యూటర్ చూసే నాగవేణే. మ్యాక్రో అంటే ఒకసారి నేర్పితే ప్రశ్నించకుండా అదే పని చేసుకుపోయేది. పక్క బల్ల దగ్గర లెక్కలు రాసే నేనూ మా ఇంట్లో అంతే.

"ఎవురూ తీసెయ్యమనలేదు సార్. మీ పేర్ల మధ్య & అని 'అండ్' గుర్తుండాది. అది కనపడితే మ్యాక్రో పేరు ఆడికే అయిపోయిందనుకుంటాది. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే రెండూ కలిపి ఒకటే పేరనుకుంటాది."

అలాగే పెట్టి మీట నొక్కింది. స్లిప్పు మీద ఇద్దరి పేర్లూ వచ్చాయి.

జగదీశ్ బయటికి పరుగెత్తాడు. "పెయింటరప్పా, ఆపప్పా."

లారీ నుదుటి మీద తాను చెరపమన్న అన్న పేరు అప్పటికే చెరిగిపోయింది. తడి ఆరని రంగు ముందు అన్న నిలబడి ఉన్నాడు.

లారీ తాళం తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నీ పేరొకటే బాగుండాది లేప్పా," అని బస్టాండు వైపు నడిచాడు.