ముందు ఎవరు పలకాలి

"ఝాన్సీ! నెట్ కంపెనీ ఇంకో మనిషిని పంపదా అని అడుగు, ఆ వచ్చినాయన్ని" అన్నాడు సత్యారావు, గుమ్మంలో నిలబడ్డ సొంత తమ్ముడి వైపు చూడకుండానే.

"ఇంకో మనిషి చీడికాడలో ఉన్నాడు, మజ్జాన్నం దాటాకే వస్తాడని ఆయనకి సెప్పు వదినా" అన్నాడు దాసు, భుజాన ఉన్న సంచీ దించుతూ.

"చెరకు తోట గట్టు గొడవకి మూడేళ్లయింది. ఒక్క మాట పలకరిస్తే ఏటి పోద్ది?" అంది ఝాన్సీ మొగుడితో.

"ముందు నేను పలికితే నా పేరు సత్యారావే కాదు."

లాప్‌టాప్ ముందు కూతురు సంధ్యారాణి గోళ్లు కొరుక్కుంటోంది. పదకొండుకి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇంకా ఇరవై నిమిషాలే.

"సిన్నాన్నా, ఇంటర్వ్యూ ఆళ్లతో ఇందాకే కలిపి సూసేను. నా మాట ఆళ్లకి ఎల్తంది. ఆళ్ల మాటే నాకు రావట్లేదు."

దాసు రౌటరు సెట్టింగులు తెరిచాడు. "పోర్టు మూసుంది."

"మూసీసేరా? మా తమ్ముడు పొద్దున్నే వైజాగు పోర్టుకి డ్యూటీకెల్లేడే!" ఝాన్సీ కంగారుపడింది.

"ఆ పోర్టు కాదొదినా. ఇది రౌటరుకుండే తలుపు. ట్రిగరింగ్ పెడితే, లోపలోళ్లు ముందు పిలిస్తేనే బయటోళ్లకి తెరుసుకుంటాది."

నంబర్లు కొట్టి సేవ్ నొక్కాడు. లాప్‌టాప్ నుంచి తన సెల్లుకి కాల్ కలిపి, సెల్లు పట్టుకుని వీధిలోకి నడిచి, గేటు అవతల నుంచి కేకేశాడు.

"టెస్టు సెయ్యాల! కనెక్షన్ ఎవరి పేరనుంటే ఆళ్లే మాటాడాల. రూలు!"

సంధ్య మైకు తండ్రి చేతికిచ్చింది. సత్యారావు మైకుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. గోడ గడియారం పది యాభై అయిదు చూపిస్తోంది.

"నాన్నా, నా జాబు..." ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సత్యారావు గొంతు సవరించుకున్నాడు.

"ఒరే... దాసూ. ఇనిపిస్తందేట్రా?"

స్పీకరులోంచి దాసు గొంతు కాస్త జీరగా వచ్చింది. 

"ఇనిపిస్తంది అన్నయ్యా."

సంధ్య మైకు లాక్కుని ఇంటర్వ్యూలో కూర్చుంది. దాసు చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

"అయితే దాసూ, టెస్టుకి నా గొంతు పనికిరాదేటి?" గుసగుసగా అడిగింది ఝాన్సీ.

"ఎవరిదైనా పనికొస్తాది వదినా."

సత్యారావు చివాల్న తలెత్తాడు. దాసు అప్పటికే కంపెనీ ఫారం ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీశాడు.

"కనెక్షన్‌లో పాత పేరు కొట్టీసేను అన్నయ్యా. కొత్త పేరేటి రాయమంటావు?"