పర్మిషన్ లేదు

"పర్మిషన్ లేదు" అంది కంప్యూటరు. అదీ ఇంగ్లీషులో, ఆరోసారి.

ప్రేమదాసుకి ఒళ్ళు మండిపోయింది. యాభై రెండేళ్ళొచ్చాయి. ఇరవై ఏళ్ళు మిరపకాయల గోడౌనులో గుమాస్తాగిరీ చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ఎనభై ఎనిమిదిలో గుంటూరు ఆఫీసుకి కంప్యూటరు రాగానే, నేర్చుకుంటానని మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. పొద్దున గోడౌను, మధ్యాహ్నం కంప్యూటరు. శనివారం పరీక్ష. సరుకు జాబితాని రకాలవారీగా వరసలో పెట్టే ప్రోగ్రాం రాసి చూపిస్తే ఏసీ గదిలో కుర్చీ. లేకపోతే మళ్ళీ గోడౌనే. ఇంకో ఎండాకాలం ఆ ఘాటులో ఉంటే మనిషి దక్కడని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

వరసలో పెట్టే పని మొదటినుంచీ రాయక్కర్లేదట. ఎవరో రాసిపెట్టింది ఫ్లాపీలో ఉంది. లైబ్రరీ అంటారు దాన్ని. మిషన్లోకి ఎక్కించుకుంటే చాలు. ఆ ఎక్కించే హక్కు మాత్రం ఒక్క ఇన్‌ఛార్జికే ఉంది.

ఇన్‌ఛార్జి ప్రదీప్‌కుమార్‌కి పాతికేళ్ళు కూడా లేవు. మద్రాసులో చదివొచ్చాడు. ఆఫీసులో పెద్దవాళ్ళంతా ప్రదీప్ అనే పిలుస్తారు. ప్రేమదాసు ఒక్కడే సార్ అంటాడు.

"సార్, ఒక్కసారి మీ పాస్‌వర్డు కొట్టి ఈ లైబ్రరీ ఎక్కించండి సార్."

అతను తలెత్తలేదు. "కుదరదండీ. రూల్సు ఒప్పుకోవు."

"రెండు నిమిషాల పని సార్."

"చెప్పాను కదా! ముందు ఆ చొక్కా మార్చుకు రండి, గదంతా ఘాటు."

ప్రేమదాసు బయటికెళ్ళి చొక్కా దులుపుకున్నాడు.

అలాగని వదిలేసే రకమా? మాన్యువల్ ముందేసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు కుస్తీ పట్టాడు. దొరికింది దారి! మిషనంతటికీ ఎక్కించాలంటేనే పర్మిషను కావాలి. తన పేరున ఇచ్చిన కాస్త చోటులో పెట్టుకుని, లైబ్రరీ ఇక్కడుందని ప్రోగ్రాంకి చెప్తే ఎవరి దయా అక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం జాబితా టకటకా వరసలోకి వచ్చేసింది. "స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అరిచేశాడు ప్రేమదాసు. ప్రదీప్‌కుమార్ వచ్చి వెనక నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

శనివారం మేనేజరు ఎదుట ప్రోగ్రాం ఆడలేదు. లైబ్రరీ లేదంది మిషను.

"నిన్న ఆడిందండీ" అన్నాడు ప్రేమదాసు.

"నిజమేనా ప్రదీప్?" అడిగాడు మేనేజరు.

"ఏదో బయటి సరుకు ఉంటే పొద్దున నేనే తీసేశానండీ. ఆడటం మాత్రం నేను చూళ్ళేదు."

"నీవల్ల అయ్యేది కాదులే ప్రేమదాసూ. సోమవారం నుంచి గోడౌనుకే పో."

గోడౌనులో కాటా వేసే ఖాదర్ వలి సంగతంతా విని భగ్గుమన్నాడు. "ఏందయ్యా ఆ కుర్రోడి పొగరు! వాడికి నువ్వేం ద్రోహం చేశావని? మేనేజరుతో ఒక్క మాట చెప్పకుండా నోరు మూసుకుని ఎట్టా వచ్చావు?"

ప్రేమదాసు దగ్గు తగ్గేదాకా ఆగాడు.

"నామోషీపడి కన్నతండ్రి చచ్చిపోయాడని దరఖాస్తులో రాసిచ్చి ఈ ఉద్యోగంలో చేరాడు ఖాదరూ, బతికున్న నన్ను రోజంతా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎట్టా పనిచేస్తాడు, పాపం!"