ప్లగ్గు దగ్గరి మనిషి

"జరుగమ్మా, ప్లగ్గు పెట్టుకోవాలి" అంది అమ్మమ్మ, చేతిలో కెటిల్‌తో.

స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి కూర్చున్న మనిషి కదల్లేదు.

"ఫోనైతే పెట్టుకోండి. కెటిల్ మాత్రం వద్దు."

"ఏం? కరెంటు మీ తాతగారి సొత్తా?"

ఆసుపత్రి వరండాలో బెంచీల మీదున్న వాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ మనిషికి వాళ్లు పెట్టిన పేరు స్విచ్చమ్మ. పొద్దున్నే వచ్చి ఆ బోర్డు కింద చతికిలబడుతుంది. సాయంత్రం అందర్నీ బయటికి పంపేసేదాకా లేవదు. ఎవరితోనూ కబుర్లుండవు.

అమ్మమ్మకి నవ్వే ఓపిక లేదు. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు ఈ గోడకి అవతలే, పిల్లల గదిలో ఉన్న ఒకే ఒక్క హీటరు కింద పడుకునుంది. పిడికెడంత ప్రాణం. రెండుసార్లు కడుపు పోయాక కూతురికి నిలిచిన బిడ్డ. అది బతికి బట్టకడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంటోంది అమ్మమ్మ.

"పైన నా కూతురు వేడినీళ్లు అడిగింది. కాచుకుంటానంటే నీకేం నొప్పి?"

"ఈ ప్లగ్గూ, లోపల బిడ్డ హీటరూ ఒకే లైను మీద ఉన్నాయండి. దాని ఫ్యూజు ఐదు ఆంపియర్లది. ఓల్టులు రెండువందల ముప్ఫై. రెండూ గుణిస్తే పదకొండు వందల యాభై వాట్లు. అంతకు మించి మొయ్యలేదు. హీటరుకే ఆరువందలు పోతాయి. ఎదురు కొట్లో అమ్మే కెటిళ్లన్నీ పదిహేను వందలవి."

"ఇంత బుల్లి కెటిల్‌కా?"

"బుల్లిదే గానీ, లోపలి తీగకి నిరోధం తక్కువండి. ఓల్టుల్ని అది లాగే ఆరున్నర ఆంపియర్లతో భాగిస్తే ముప్ఫై అయిదు ఓములొస్తాయి. హీటరుది తొంభై దాకా ఉంటుంది. నిరోధం తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది."

బళ్లో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పింది.

"నువ్వేమన్నా ఇంజనీరువా?"

"కాదండి. బట్టలు కుడతాను."

బెంచీలన్నీ మళ్లీ ఘొల్లుమన్నాయి.

"పోనీ, లోపల నీ బిడ్డేమన్నా ఉందా?"

స్విచ్చమ్మ తల దించుకుని చీర కొంగు సర్దుకుంది.

"నిన్నే అడిగేది."

"లేదండి."

బిడ్డ లేని మనిషికి పొద్దస్తమానం పిల్లల గది గోడ పక్కన ఏం పని? అమ్మమ్మ వరండా దద్దరిల్లేలా వాచ్‌మన్‌ని కేకేసింది.

"ఏమయ్యా, కళ్లు మూసుకుని కాస్తున్నావా కాపలా? పిల్లల్ని ఎత్తుకుపోయే రకంలా ఉంది ఈవిడ!"

నవ్వులు ఆగిపోయాయి. తల్లులూ అత్తలూ లేచి నిలబడ్డారు. వాచ్‌మన్ కొత్తగా చేరినవాడు. అంతమంది ఒక్కటయ్యాక వాడు ఆలోచించడానికేం మిగల్లేదు. స్విచ్చమ్మని రెక్క పట్టుకుని లేవదీశాడు.

"నన్ను కొట్టినా ఫరవాలేదు బాబూ. అక్కడ కెటిల్ మాత్రం పెట్టనివ్వకు" అని గేటు దాటేదాకా బతిమాలుతూనే ఉంది.

పీడ విరగడైందనుకుని అమ్మమ్మ కెటిల్ పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. నీళ్లు గోరువెచ్చనైనా కాకముందే ఆరిపోయింది.

స్విచ్చి టకటకా నొక్కి చూసింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంటే కరెంటు ఉన్నట్టే. చెడింది కెటిలే.

"మొన్న కొన్నది అప్పుడే పాడైందేంటయ్యా?" అని ఎదురు కొట్టువాడి మీద విరుచుకుపడింది.

వాడు తన ప్లగ్గులో పెట్టి చూపించాడు. నీళ్లు బుసబుసా మరిగాయి.

"నిక్షేపంలా ఉందమ్మా."

ఆ క్షణాన ఒక్కసారి ఆలోచించి ఉంటే! వేడినీళ్లు దొరికాయన్న సంబరంలో ఆమెకి ఇంకేమీ తట్టలేదు. పైకి వెళ్లి కూతురికి తాగించింది, ఒళ్లు తుడిచింది, పక్కనే కాసేపు నడుం వాల్చింది.

కింద, పిల్లల గది చూసుకునే నర్సు కాన్పు గదిలో ఇంకో ప్రాణంతో పెనుగులాడుతోంది. హీటరు ఆగితే మోగాల్సిన గంట చెడిపోయి చాలాకాలమైంది. బాగుచేయించిన పాపాన ఎవరూ పోలేదు.

అమ్మమ్మ దిగి వచ్చేసరికి సాయంత్రమైంది. డాక్టరు ఆమె ముఖం చూడలేకపోయాడు.

"బిడ్డ ఒళ్లంతా చల్లబడిపోయిందమ్మా. చాలాసేపు చూశాం. దక్కలేదు."

అమ్మమ్మకి ఏడుపు కూడా రాలేదు. గోడ పట్టుకుని నిలబడిపోయింది.

నర్సు పరుగున వచ్చి బోర్డు మీది ఫ్యూజు ఊడదీసింది. తీగ కరిగిపోయి ఉంది.

"ఇక్కడ కెటిల్ ఎవరు పెట్టారు? ఆవిడేది? ఆవిడుండగా ఎలా పెట్టారు?"

"బయటికి పంపేశానండి" అన్నాడు వాచ్‌మన్, నీళ్లు నములుతూ. "బిడ్డ లేదంది. పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషేమోనని..."

నర్సు అక్కడే బెంచీ మీద కూలబడింది.

"హీటరుకి వేరే లైను లాగించండని మొత్తుకుంటూనే ఉన్నా. రేపు, ఎల్లుండి అంటారు పైవాళ్లు. ఆవిడుంది కదా అనే ధైర్యంతోనే కాన్పు గదికి వెళ్లాను."

"ఎవరమ్మా ఆవిడ?" అంది అమ్మమ్మ.

"ఫ్యూజు వెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ కాళ్లావేళ్లా పడి ఆ లెక్కంతా చెప్పించుకుంది. మర్నాటి నుంచి అక్కడే కూర్చుంటోంది."

"ఎందుకు?"

నర్సు చేతిలోని ఫ్యూజు వైపే చూస్తూ చెప్పింది.

"పోయిన నెల ఇదే హీటరు కింద ఆవిడ కొడుకు ఇలాగే చల్లబడిపోయాడమ్మా, ఆరోజు ఆ ప్లగ్గులో కెటిల్ పెట్టింది ఆవిడే."