ముద్దాయి కుర్చీ

వచ్చీరాగానే ఆ ముసలావిడ ముద్దాయి కుర్చీలో కూర్చుంది.

హాలంతా గొల్లుమంది.

గ్రంథాలయం పైగదిలో ఆదివారం ఆదివారం పాత నవలల మీద చర్చ జరుగుతుంది. ఉత్త చర్చయితే జనం ఆవులిస్తున్నారని లైబ్రేరియన్ దాన్ని కోర్టు కింద మార్చాడు. నవలలో ఒక పాత్రను ముద్దాయిని చేస్తారు. ఆ పాత్ర కోసం గది మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వేస్తారు. నేరం మోపేవారు ఒకరు, కాపాడేవారు ఒకరు. చివర్లో అందరూ చేతులెత్తి తీర్పు చెబుతారు.

“అది మనుషులు కూర్చునేది కాదమ్మా. అందులో ఈవేళ ఒక రాక్షసి కూర్చోవాలి,” అన్నాడు లైబ్రేరియన్ నవ్వాపుకుంటూ.

“అలాగా నాయనా,” అంటూ ఆమె మెల్లగా లేచింది.

“రాక్షసి వచ్చేలోగా లేచారు, బతికిపోయారు,” అన్నాడు మందుల షాపాయన.

ఆమె కూడా నవ్వింది. నల్ల కళ్లద్దాలు, ముఖాన్ని సగం కప్పేసిన శాలువా. వెనక వరసలో గోడవారగా సర్దుకుని కూర్చుంది.

నేరం మోపే పని ఎప్పుడూ మాస్టారిదే. బడిలో సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఆయన చేతిలో పడ్డ పాత్ర బయటపడ్డ దాఖలా లేదు. మనిషి గుండెలో ఏముందో పైవాడికే తెలియాలంటారు. ఆ హాల్లో మాత్రం మాస్టారికి తెలిస్తే చాలు.

ఆవేళ ముద్దాయి, అందరూ చిన్నప్పుడు చదివి ఏడ్చిన నవలలోని అక్క. తల్లి లేని తమ్ముణ్ణి తానే పెంచింది. ఒక వాన సాయంత్రం వాడు చుట్టాలింటి నుంచి తిరిగొస్తే తలుపు తియ్యలేదు. నీకిక్కడ ఎవరూ లేరు, పొమ్మని లోపలి నుంచే కసిరింది. ఎనిమిదేళ్ల పిల్లవాడు తడుస్తూ వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మాస్టారు ఆ అక్కను చీల్చి చెండాడారు. మూసిన తలుపంటే మూసుకుపోయిన మనసన్నారు. ఇల్లంతా తనకే దక్కాలన్న పేరాశకు ఆమె నిలువెత్తు రూపమన్నారు. కాపాడవలసిన లైబ్రేరియన్ రెండు మాటలు మాట్లాడి, తనకే కోపం వస్తోందని చెప్పి కూర్చున్నాడు.

చేతులెత్తబోతుంటే ముసలావిడ లేచి నిలబడింది.

“ఒక్క మాట బాబూ. ఇంట్లో ఏదన్నా అంటురోగం ఉందేమో.”

“పుస్తకంలో రోగం లేదమ్మా,” అన్నారు మాస్టారు, ఓపిగ్గానే.

“పిల్లాడు చెబుతున్న కథ కదా. బయట నిలబడ్డవాడికి లోపలి సంగతి ఏం తెలుస్తుంది?”

“రోగమే ఉంటే, ఉంది రావొద్దురా అనొచ్చుగా. తిట్టడమెందుకు?”

“అలా అంటే గడప పట్టుకుని ఏడుస్తూ అక్కడే కూర్చుంటాడు. పిల్లలు కోపమొస్తేనే కదులుతారు.”

మాస్టారికి లోపల ఎక్కడో కలుక్కుమంది. కానీ ఓడిపోవడం ఆయనకు అలవాటు లేదు.

“మీ మనసు మంచిదమ్మా, కాదనను. కానీ రాసినవాడికే తెలియని కారణం పాత్రకెక్కణ్ణుంచి వస్తుంది?”

చప్పట్లు మోగాయి.

“పోనీ, తీర్పు చెప్పకుండా వదిలెయ్యకూడదా? మాకు తెలియదు అనండి చాలు,” అందామె.

ఆ గొంతులో వేడుకోలు విని మాస్టారు విస్తుపోయారు. కథలో మనిషి కోసం ఇంత ఆరాటమా అనుకున్నారు.

“అలా వదిలేస్తే ఎలాగమ్మా, వచ్చేవారం ఇంకో ముద్దాయి కాచుకునుంది,” అనేశారు.

చేతులన్నీ లేచాయి. ఆమె చేతులు మాత్రం శాలువాలోంచి బయటికి రాలేదు. వెళ్తూ వెళ్తూ ఆ ఖాళీ కుర్చీ వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, మెట్లు దిగిపోయింది.

మరుసటి ఆదివారం కుర్చీలు వేస్తుండగా ఒక నడివయసు స్త్రీ వచ్చింది. ఆ నవల రాసినాయన కూతుర్నని చెప్పింది. అందరూ గబగబా లేచారు. మాస్టారు తన కుర్చీనే ముందుకు జరిపారు.

ఆమె కూర్చోలేదు. తండ్రి పోయాక తమ ఇంట్లో ఉంటున్న పెద్దావిడ ఒకరు పోయినవారం ఇక్కడికొచ్చారని, ఇంటికొచ్చాక పడుకున్నారని, తెల్లారేసరికి ప్రాణం లేదని చెప్పింది.

“నాన్న పుస్తకం మీద ఎక్కడ మాట్లాడుకున్నా ఆవిడ వెళ్లేది. చెబితే ఎవరైనా నమ్ముతారే, ఎవరూ చెప్పకుండా ఒక్కరైనా అనుకోవాలి అనేది. ఇక్కడ ఎవరైనా అన్నారేమో కనుక్కుందామని వచ్చాను.”

“ఏమని?” అన్నారు మాస్టారు.

“ఆ తలుపు మూయడానికి కారణం ఏదో ఉంటుందని. వానలో వెళ్లిపోయిన ఆ పిల్లాడు నాన్నే. ఆ ఇంట్లో అప్పుడు మశూచి. లోపలున్నవాళ్లలో మిగిలింది ఒక్కరే, అదీ ఒక కన్ను పోగొట్టుకుని. నాన్నకు చివరిదాకా తెలియదు. తెలిస్తే, తప్పుగా రాశానని కుమిలిపోతాడని ఆవిడ చెప్పనివ్వలేదు.”

నల్ల కళ్లద్దాలు మాస్టారి కళ్లముందు మెదిలాయి.

“ఒక్కరే అన్నారమ్మా,” అన్నాడు లైబ్రేరియన్, నేల చూపులు చూస్తూ. “ఆవిడే.”

ఆవిడ ఎక్కడ కూర్చుందో ఆ చోటైనా చూపించమని ఆమె అడిగింది.

తమ్ముడి ప్రాణం కోసం తలుపు మూసుకున్న ఆ అక్క తనకోసం వేసిన కుర్చీలోనే వచ్చి కూర్చుంటే, నవ్వుతూ లేపి పంపింది తామేనని ఎలా చెప్పాలో తెలియక, మాస్టారు గది మధ్యలోని ఖాళీ కుర్చీ వైపు వేలు చూపించారు.