చిన్న కోతా? పెద్ద కోతా?

“రోబో అంటే మరమనిషి కాదు నాయనా. డాక్టరే మిషన్ కాడ కూర్చోని చేస్తాడు. పొట్టకు ఐదారు చిన్న బెజ్జాలు, అంతే” అన్నాడు భాస్కర్, ఫోన్‌లో వీడియో చూపిస్తూ.

మంచం మీద పడుకున్న పెద్దన్న చూడలేదు. తువ్వాలు కళ్ల మీదికి లాక్కున్నాడు.

కొండాపురం దగ్గర, ముంపు ఊళ్ల వాళ్లకిచ్చిన కాలనీలో పెద్దన్నది చివరి ఇల్లు. ఇంటెనక గొర్రెల దొడ్డి. కొడుకు భాస్కర్‌కు ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల షాపు. అల్లుడు శివప్రసాద్‌కు పులివెందుల్లో మందుల షాపు. మందుల షాపు పెట్టినవాడు సగం డాక్టరే కదా! మిగతా సగం డాక్టరు భాస్కర్ ఫోన్‌లో ఉన్నాడు.

జమ్మలమడుగు స్కానింగులో గడ్డ కనపడింది. ప్రొద్దుటూరు డాక్టరు దాచకుండా చెప్పేశాడు. మూత్రాశయంలో క్యాన్సర్. కండలోకి దిగింది. మూత్రాశయం తీసేయాల్సిందే. పొట్ట కోసి చేసినా, రోబోతో చేసినా జబ్బు నయమయ్యే అవకాశం ఇంచుమించు ఒకటే. రోబోతో అయితే రక్తం తక్కువ పోతుంది, కాస్త తొందరగా లేచి తిరగొచ్చు. ఎట్లా చేసినా మూత్రం పట్టడానికి పొట్టకు బయట సంచి తప్పదు.

“ఏది కావాలో పేషెంటును అడిగి తేల్చుకోండి. ఆలస్యం మాత్రం చేయొద్దు” అన్నాడాయన.

ఆదివారం అందరూ పెద్దన్న మంచం చుట్టూ చేరారు.

పక్కింటి యశోదమ్మ బత్తాయిలు తెచ్చి మంచం మీద పెట్టింది. “ధైర్యంగా ఉండన్నా. నువ్వే ఇట్లయితే ఎట్ల?” అంది. పెద్దన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. “నా బతుకు ఇట్లయిపాయ గదమ్మా!” అన్నాడు. అది దొంగ ఏడుపు కాదు. మూడు రోజులుగా ఆయనకు ముద్ద దిగడం లేదు. భార్య ఓబమ్మ సంగటి కలిపి, బతిమాలి తినిపిస్తోంది.

“కోసి చేసేదే మేలు బావా. చేతి పని చేతి పనే. కడపలో ఆరోగ్యశ్రీ కార్డు మీద చేస్తాండారు. మా షాపుకొచ్చే ఆయప్ప ఒకడు ఆడే కోయించుకున్యాడు. ఇప్పుడు బండి తోలుతాండాడు” అన్నాడు శివప్రసాద్.

“తోలనీ. అంతకుముందు ఎన్నాళ్లు మంచంలో ఉన్యాడో అడిగినావా? హైదరాబాద్‌లో అయితే రోబో ఉంది. నేను మాట్లాడినా.”

“నాయనా, ఆ బెజ్జాలదైతే నొప్పి తక్కువా?” అంది ఓబమ్మ గడపలో నిలబడి.

“తక్కువేలే మా. ముందు కాఫీ తే. బావకు తలనొస్తాందంట.”

ఓబమ్మ పొయ్యి మీద పాలు పెట్టి దొడ్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

“పాలు పెట్టి యాడికి పోయినావ్ మా!” అని కేకేశాడు భాస్కర్.

ఆమె వచ్చి, మళ్లీ పాలు కాచి, కాఫీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ, “ఆ సంచి యాడ తగిలిస్తారు శివా?” అని అడిగింది.

“బొడ్డుకు కుడిపక్కనత్తా.”

“నలుగురికీ కనపడతాదా?”

“గుడ్డల కింద ఉంటాది. ఎవరికి తెలుస్తాదిలే!”

మాట మాట పెరిగింది. రోబో అంటాడు కొడుకు, కత్తి అంటాడు అల్లుడు. ఇద్దరూ పెద్దన్న వైపు తిరిగారు. “నువ్వే చెప్పు. నువ్వెట్లంటే అట్ల.”

పెద్దన్న తువ్వాలు తీశాడు.

“హైదరాబాద్ వద్దు. ఆ ఊరి నీళ్లు నాకు పడవు. ఆ హోటలు కూడు నేను తినలేను. కడపలోనే కానీండి.”

“ఆ చిన్న బెజ్జాలదే మేలేమో...” అని నసిగింది ఓబమ్మ.

“నీకేం తెలుసు, ఊరుకో! దినాల తరబడి ఆసుపత్రిలో పడుండాల్సింది నేను గదా!” అన్నాడు పెద్దన్న.

ఇంటి పెద్ద నోట మాట వచ్చాక ఇంకేముంది! శివప్రసాద్ గెలిచాడు. భాస్కర్ మూతి ముడుచుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అందరికీ ఓబమ్మ అన్నాలు వడ్డించింది.

బయల్దేరే రోజు ఓబమ్మ తెల్లారకముందే లేచి సంగటి కెలికింది. చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరి క్యారియర్ సర్దింది. గొర్రెలకు మేత వేసి, వాటిని యశోదమ్మకు అప్పజెప్పింది. కారులో పెద్దన్నను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఓబమ్మ వెనక మూటల మధ్య ఇరుక్కుంది.

కడప ఆసుపత్రిలో గది ఇచ్చారు. దారి పొడుగునా ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన పెద్దన్న, పోగానే మంచం మీద వాలిపోయాడు. భాస్కర్ ఫ్యాను వేశాడు. శివప్రసాద్ కాళ్ల దగ్గర కూర్చుని మామను ఓదార్చాడు.

రక్తం తీయడానికి వచ్చిన నర్సు పెద్దన్న చొక్కా చెయ్యి పైకి మడుస్తుంటే, కింద కూర్చుని క్యారియర్ విప్పుతున్న ఓబమ్మ తన చెయ్యి చాపి, “ఆయప్పకు కాదు తల్లీ, జబ్బు నాకు” అంది.